కాటా దగ్గర ఆగిపోయిన సాఫ్ట్‌వేర్: మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి ఒక కేస్ స్టడీ

నేపథ్యం

సొంతంగా ప్రొడక్టులు తయారుచేసుకునే డెవలపర్లకు అమ్మకాల విషయంలో సాయం చేయడం నా పని. ఈ కేసు మిర్యాలగూడ చుట్టుపక్కలది. డెవలపర్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ప్రొడక్టు పేరు, మిల్లుల పేర్లు చెప్పడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

డెవలపర్ ముప్పై లోపు కుర్రాడు. నల్లగొండలో బీటెక్, తర్వాత హైదరాబాద్‌లో సర్వీస్ కంపెనీ ఉద్యోగం. ఇంట్లో అవసరాల వల్ల జిల్లాకు తిరిగొచ్చి, ఫ్రీలాన్స్ పని చేసుకుంటూ సొంత ప్రొడక్టు మొదలుపెట్టాడు. 2023లో నల్లగొండలో ఐటీ టవర్ వచ్చాక ఇట్లాంటి పిల్లలు నాకు ఎక్కువగానే తగులుతున్నారు. వీళ్లందరికీ ఒకే లోటు. సర్వీస్ కంపెనీలో పని టికెట్ రూపంలో, అంటే కంప్యూటర్‌లో నమోదైన ఒక కోరికగా వస్తుంది. ఆ టికెట్ వెనకున్న మనిషి మొహం చూసే అవసరం ఏళ్ల తరబడి పడదు.

మిర్యాలగూడ మిల్లుల సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టులో సన్నాలు ఎక్కువ. హార్వెస్టర్‌తో కోసిన పచ్చి వడ్లను ఆరబెట్టకుండానే రైతు ట్రాక్టర్‌లో నేరుగా మిల్లుకు తెస్తాడు. కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు బారులు తీరుతాయి, అధికారులు టోకెన్లు పెట్టాల్సి వస్తుంది. మిల్లులో కాటా (ట్రాక్టర్‌ను వడ్లతో సహా తూచే వేబ్రిడ్జి) దగ్గర ఒక గుమాస్తా ఉంటాడు. మా కుర్రాడి సాఫ్ట్‌వేర్ ఆ కాటా కోసమే.

సాఫ్ట్‌వేర్‌గా చూస్తే అది మంచి పని, అందులో నాకు సందేహం లేదు. వేబ్రిడ్జి ఇండికేటర్ (బరువును అంకెల్లో చూపే పెట్టె) నుంచి ఆర్‌ఎస్-232 కేబుల్ ద్వారా బరువు నేరుగా కంప్యూటర్‌లోకి వస్తుంది. ఒక్కో కంపెనీ ఇండికేటర్ ఒక్కో తీరుగా అంకెలు పంపిస్తుంది, కొన్ని తిరగేసి కూడా పంపిస్తాయి. అన్నిటినీ చదివేలా రాశాడు. నెట్ లేకపోయినా పని ఆగదు, వచ్చాక లెక్క సర్వర్‌కు వెళ్తుంది, దీన్నే ఆఫ్‌లైన్ సింక్ అంటారు. దాని మీదే ఒక వర్షాకాలమంతా కూర్చున్నాడు.

సమస్య

2024 వానాకాలం కోతల్లో ముప్పైకి పైగా మిల్లులు తిరిగాడు. ఒక్కటీ కొనలేదు. రెండు మిల్లులు ఉచితంగా పెట్టుకుని వారం తిరక్కుండానే పక్కన పడేశాయి. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. అడిగింది ఒకటే: "అన్నా, ప్రొడక్టు మంచిగుంది. అమ్మిపెట్టే మనిషిని ఒకరిని చూపియ్."

మనిషిని చూపించలేదు. కారణం చెప్తాను, ఈ కేసులో మొదటి నిర్ణయం అదే. సేటు, అంటే మిల్లు యజమాని, "వద్దు" అన్నప్పుడు సేల్స్‌మన్ మనకు చెప్పేది "రేటు ఎక్కువన్నారు" అని. అతనికి అనువైన జవాబు అదొక్కటే, ఎందుకంటే రేటు తగ్గిస్తే అతని పని తేలికవుతుంది. అసలు కారణం ప్రింటర్‌లో ఉండొచ్చు, స్క్రీన్ మీది భాషలో ఉండొచ్చు, గుమాస్తా భయంలో ఉండొచ్చు. దాన్ని విని వెంటనే కోడ్ మార్చగలిగేవాడు డెవలపర్ ఒక్కడే. కస్టమర్లు పది మంది అయ్యేదాకా అమ్మకం రాసినవాడే చేయాలని నేను పట్టుబడతాను. తర్వాత సేల్స్‌మన్‌ను పెట్టుకున్నా అతనికి ఏం చెప్పి పంపాలో తెలుస్తుంది.

తిరిగిన మిల్లుల జాబితా అడిగాను. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. ఏ మాట దగ్గర వద్దన్నారో ఎక్కడా రాసుకోలేదు. యాప్ క్రాష్ అయితే ఏ ఫైల్లో, ఏ లైన్‌లో, ఎన్ని గంటలకు అయిందో లాగ్ ఉంది. సేటు మొహం ఎప్పుడు తిప్పుకున్నాడో మాత్రం లేదు. ఆ రోజే ఒక నోటు పుస్తకం పెట్టించాను.

ఏం ప్రయత్నించాడు, ఎందుకు పనిచేయలేదు

మొదటిది డెమో. క్లౌడ్, రియల్ టైమ్ డ్యాష్‌బోర్డ్, ఆఫ్‌లైన్ సింక్ అంటూ మొదలుపెట్టేవాడు. తనకు కష్టమైనదే ఎదుటివాడికి విలువైనదని ప్రతి డెవలపర్‌కూ అనిపిస్తుంది. పైగా తిరిగింది కోతల మధ్యలో. అప్పుడు సేటుకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. ఒక గుమాస్తా మొహం మీదే అన్నాడట, "సార్, ఈ ట్రాక్టర్ కాటా దిగేలోపు చెప్తే చెప్పు, లేకుంటే దీపావళికి రా." దీపావళి అంతకు ముందే అయిపోయింది.

రెండోది ధర తగ్గించడం. నెలకు 1,499 అన్నవాడు 999కి దిగాడు, తర్వాత ఈ సీజన్ ఉచితం అన్నాడు. ఉచితం అనగానే అనుమానం ఇంకా పెరిగింది. మిల్లుకు ఏ రోజు ఎంత రేటుకు ఎన్ని వడ్లు కొన్నారన్నది పక్క మిల్లుకు తెలియకూడని సంగతి. "పైసలు తీసుకోకుండ నీకేమొస్తది తమ్మీ? మా వడ్ల లెక్క నీ కంప్యూటర్ల ఎందుకుండాలె?" అని ఒక సేటు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇతని దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అప్పటిదాకా క్లౌడ్‌ను గొప్పగానే చెప్పుకుంటూ వచ్చాడు.

మూడోది ఫీచర్లు. ఎవరో అడిగారని జీఎస్టీ మాడ్యూల్ రాశాడు. రైతు దగ్గర కొనే వడ్ల మీద జీఎస్టీయే లేదు. కాటా దగ్గర ఆ మాడ్యూల్‌తో పనేముంది? అమ్మే బియ్యం లెక్కలకు మిల్లులో ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ముందు నుంచీ ఉంది. హమాలీల కూలి లెక్క కూడా రాశాడు. దాన్ని మేస్త్రీ తన జేబు పుస్తకంలోనే రాసుకుంటాడు, ఇంకొకరి చేతికి ఇవ్వడు.

నాలుగోది ఫేస్‌బుక్ ప్రకటనలు. డౌన్‌లోడ్లు వచ్చాయి. ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువ మంది ఇంజనీరింగ్ విద్యార్థులు, మేజర్ ప్రాజెక్టుకు సోర్స్ కోడ్ ఇస్తావా అని. నవ్వొచ్చే సంగతే కానీ ఇందులోనూ ఒకటి తెలిసింది: మిల్లు నడిపేవాడు సాఫ్ట్‌వేర్ కోసం వెతకడు. అతను వెతకని చోట మన ప్రకటన ఎంత మెరిసినా దండగే.

పనిచేసింది

కోతలు అయ్యాక కూడా మిల్లుకు వడ్లు కొద్దికొద్దిగా వస్తూనే ఉంటాయి. తెలిసినవాళ్ల మిల్లు ఒకటి పట్టుకుని, ల్యాప్‌టాప్ లేకుండా కాటా గదిలో కూర్చోమన్నాను. అమ్మొద్దు, డెమో ఇవ్వొద్దు, ఏం జరుగుతుందో రాసుకో అన్నాను. అతనికి ఇది చిన్నతనంగా అనిపించింది. కొన్నిసార్లు నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను.

అక్కడ జరిగేది ఇది. ట్రాక్టర్ కాటా ఎక్కుతుంది. ఇండికేటర్‌లో ఎర్ర అంకెలు ఊగి నిలబడతాయి. గుమాస్తా కార్బన్ పెట్టిన చిట్టీ పుస్తకంలో బరువు రాస్తాడు. మనిషి ట్రాలీ ఎక్కి గుప్పెడు వడ్లు తెస్తాడు. తేమ చూస్తారు. సేటో ఆయన తమ్ముడో గింజను అరచేతిలో నలిపి, నూక ఎంత పోతుందో అంచనా వేసి రేటు చెప్తాడు. రైతు ఇంకో యాభై అడుగుతాడు. బేరం తెగాక వడ్లు దింపి, ఖాళీ ట్రాక్టర్ మళ్లీ కాటా ఎక్కుతుంది. తరుగు తీసేసి, రేటుతో గుణించి చిట్టీ చింపి ఇస్తారు. ఒక కాపీ పుస్తకంలో ఉంటుంది. రాత్రికి ఆ కాపీలన్నీ చూసి పెద్ద చిట్టాలో ఎక్కిస్తారు. అదే చిట్టాను వారానికోసారి వచ్చే అకౌంటెంట్ ట్యాలీలో ఎక్కిస్తాడు. ఒకే అంకెను ముగ్గురు మూడుసార్లు రాస్తున్నారు.

బరువును తీగ ద్వారా చదవడం గొప్ప అనుకున్నాడు కదా, ఆ బరువు రాయడానికి గుమాస్తాకు నాలుగు సెకన్లు పడుతోంది. అక్కడ ఎవరికీ కష్టం లేదు. కష్టం ఉన్నచోట్లు మూడు కనిపించాయి.

సేటుకు పొద్దుగూకే వేళ ఒక ప్రశ్న ఉంటుంది: ఈ రోజు మొత్తం మీద సగటున ఎంత పడింది? రేటు ట్రాక్టర్ ట్రాక్టర్‌కూ మారింది. రేపు పొద్దున ఎంతకు మొదలుపెట్టాలన్నది ఆ సగటు మీద ఆధారపడి ఉంటుంది. చిట్టా పూర్తయ్యేసరికి రాత్రి పది దాటుతుంది, అందుకే ఆయన అంచనా మీదే రేటు కడుతున్నాడు. ఆ ఏడాది దీని బరువు ఇంకా పెరిగింది. 2024 వానాకాలంలో సన్నాలకు ప్రభుత్వం క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇవ్వడం మొదలుపెట్టింది, అదీ కొనుగోలు కేంద్రంలో అమ్మితేనే. ఆ సీజన్‌లో 'ఎ' గ్రేడ్ వడ్లకు మద్దతు ధర 2,320. రెండూ కలిపితే 2,820. రైతు ఆ అంకెను మనసులో పెట్టుకునే మిల్లు గేటు దగ్గరికి వస్తాడు. పచ్చి వడ్లు అప్పటికప్పుడు దింపేసుకునే సౌకర్యం ఒక పక్క, బోనస్ ఒక పక్క. రేటు యాభై తప్పితే సేటుకు ట్రాక్టర్లన్నా పోతాయి, లాభమన్నా పోతుంది.

గుమాస్తా కష్టం వేరు. చిట్టీ మీద తగాదా వస్తే మాట పడేది అతనే. దాంతోపాటు రైతుల ఫోన్లు: "పైసలు ఎప్పుడు పడ్తయ్?" ప్రతి ఫోన్‌కూ పుస్తకం తిరగేయాలి.

మూడో మనిషి అకౌంటెంట్. డెవలపర్ అతన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఉచితంగా పెట్టుకున్న రెండు మిల్లుల్లో సాఫ్ట్‌వేర్ ఎందుకు ఆగిపోయిందో ఆరా తీస్తే, రెండు చోట్లా "ఈ లెక్కా ట్యాలీ లెక్కా కలవకపోతే నా పూచీ లేదు" అన్నది అకౌంటెంటే అని తేలింది. డబ్బు ఇచ్చేవాడు ఒకడు, వాడేవాడు ఒకడు, వద్దనగలిగేవాడు ఇంకొకడు. డెమోలన్నీ మొదటివాడి ముందే జరిగాయి.

ఇక్కడి నుంచి తీసుకున్న నిర్ణయాలు వరసగా చెప్తాను.

చెప్పే మాట మార్చాం. ట్రాక్టర్ కాటా మీది నుంచి దిగే లోపు, సాంకేతిక పదం ఒక్కటీ లేకుండా చెప్పాలన్నది నేను పెట్టిన షరతు. గుమాస్తా అన్న మాటే షరతుగా మారింది. నోటు పుస్తకంలో చాలా కొట్టివేతల తర్వాత నిలిచింది ఇది: "కాటా మూసేసరికి, ఇవాళ ఎన్ని క్వింటాళ్లు వచ్చినయ్, సగటున ఎంత పడ్డది, మీ ఫోన్ల ఉంటది." డబ్బు సంగతి రైతుకు పంపే మెసేజ్, ట్యాలీ ఎక్కింపు ఆ వాక్యంలో లేవు. అవి కూడా చేర్చాలని అతను గట్టిగా వాదించాడు. సేటు అడిగితే చెప్పు, అడగకముందే మూడు చెప్తే ఒక్కటీ గుర్తుండదు అన్నాను.

చిట్టీ తెలుగులోకి వచ్చింది. ఇక్కడ కాస్త ఆగాలి. మొదట్లో ప్రింట్ ఇంగ్లిష్‌లో వచ్చేది. చిన్న థర్మల్ ప్రింటర్లలో తెలుగు ఫాంట్ ఉండదు. తెలుగు కావాలంటే చిట్టీ మొత్తాన్ని బొమ్మగా చేసి పంపాలి, ప్రింట్ నెమ్మదిస్తుంది. డెవలపర్‌గా అతని నిర్ణయం వేగం వైపు పోయింది, అర్థం చేసుకోదగ్గదే. కానీ కాటా గదిలో కూర్చున్నప్పుడు చూశాం: రైతు చిట్టీ చేతిలోకి తీసుకున్నాక కదలడు. తూకం, తరుగు, రేటు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకుంటాడు. ఇంగ్లిష్ చిట్టీ ఇస్తే గుమాస్తా ప్రతి ఒక్కరికీ చదివి చెప్పాలి, వెనక ట్రాక్టర్ హారన్ కొడుతూనే ఉంటుంది. ప్రింట్‌కు రెండు సెకన్లు ఎక్కువ పట్టినా లైన్ మొత్తం త్వరగా కదులుతుంది. పాత చిట్టీలో ఏ గడి ఎక్కడుందో కొత్తదాంట్లోనూ అక్కడే పెట్టించాను. సింక్ మీద పెట్టిన నెలలకంటే ఈ మార్పు వల్లే ఎక్కువ మిల్లులు ఒప్పుకున్నాయని నా అభిప్రాయం. అతను ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోడు.

డేటా మిల్లులోనే ఉంచాం. బరువులు, రేట్లు మిల్లు కంప్యూటర్‌లోనే ఉంటాయి, రైతుకు తన డబ్బు సంగతి చెప్పే మెసేజ్ కాక బయటికి వెళ్లేది రోజు మొత్తం, సగటు మాత్రమే, అదీ సేటు ఫోన్‌కే. అంత కష్టపడి రాసిన సర్వర్ కోడ్‌లో సగం పక్కకు పోయింది. అతనికి బాధగానే ఉండింది. కానీ "మీ లెక్క మీ గది దాటదు" అని ధైర్యంగా చెప్పగలిగాడు, అంతకుముందు నీళ్లు నమిలిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు దొరికింది.

ధర. మిల్లులో ఏదీ నెల లెక్కన నడవదు, అంతా సీజన్ లెక్కే. కాబట్టి నెల చందా తీసేశాం. ఎంత పెట్టాలన్న దగ్గర నేను వాడిన కొలత వడ్లే. సీజన్‌కు ఐదు క్వింటాళ్ల వడ్ల ధర, అప్పటి మద్దతు ధర ప్రకారం 11,600. ఇతర సాఫ్ట్‌వేర్‌లతో పోల్చుకుంటే అది ఎక్కువో తక్కువో సేటుకు తెలియదు. ఐదు క్వింటాళ్లంటే మాత్రం కంటికి కనిపిస్తుంది: రాత్రి చిట్టాలో ఐదుసార్లు ఒక్కో క్వింటా తప్పు పడితే పోయే సొమ్ము. ఉచితం అన్న మాట మళ్లీ ఎత్తవద్దన్నాను. బదులుగా మొదటి పది రోజులు కార్బన్ పుస్తకం కూడా పక్కన రాయండి, రాత్రికి రెండూ కలవకపోతే డబ్బు వాపస్ అన్నాం. పుస్తకం తీసేయమంటే గుమాస్తా బెదురుతాడు. ఉంచమంటే, కొన్నాళ్లకు తనే విసుగొచ్చి మానేస్తాడు. అట్లాగే జరిగింది.

తిరిగే కాలం కూడా మార్చాం. యాసంగి కోతలు ఏప్రిల్లో ఊపందుకుంటాయి. ఫిబ్రవరి, మార్చిలో సేటు మధ్యాహ్నం టీ తాగుతూ మాట్లాడతాడు. 2025లో ఆ రెండు నెలలే తిరిగాడు.

ఎవరి ద్వారా పోవాలన్నదాంట్లో రెండు దారులు చూశాం. వేబ్రిడ్జికి ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి, అందుకోసం కాటా మెకానిక్ ప్రతి మిల్లుకూ వెళ్తాడు. అతనికి కమీషన్ ఇచ్చి చూశాం. నెల తిరక్కముందే ఆపేశాం. సాఫ్ట్‌వేర్ చేయని పనులు కూడా చేస్తుందని చెప్పేసేవాడు. రెండోది అకౌంటెంట్లు. రోజు లెక్క మొత్తం ట్యాలీ తీసుకునే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌గా ఇచ్చే ఏర్పాటు రాశాక, అంతకుముందు అడ్డుపడ్డ అకౌంటెంటే తన చేతిలో ఉన్న మిగతా మిల్లులకు చెప్పాడు. కమీషన్ కూడా అడగలేదు. వారం వారం చిట్టా ఎక్కించే పని తప్పింది, అతనికి అంతకంటే ఏం కావాలి?

ఫోన్ యాప్‌ను ప్లే స్టోర్‌లో పెట్టేటప్పుడు ఒక చిన్న సంగతి కలిసొచ్చింది. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకు గూగుల్ ఒక నియమం పెట్టింది: యాప్ అందరికీ విడుదల చేసేముందు కొంతమంది టెస్టర్లు వరసగా 14 రోజులు అందులో ఉండాలి. మొదట 20 మంది, 2024 డిసెంబర్ నుంచి 12 మంది. డెవలపర్లు దీన్ని తలనొప్పి అనుకుని స్నేహితుల ఈమెయిల్‌లు నింపేస్తారు, లేదా టెస్టర్లను డబ్బిచ్చి తెస్తారు. మనకు 12 మంది మిల్లు మనుషులే కావాలన్నాను. సేటుల తమ్ముళ్లు, కొడుకులు, గుమాస్తాలు. విడుదలయ్యేసరికి యాప్ వాళ్లదే అన్నట్టు మాట్లాడుతున్నారు. స్టోర్‌లో పేరుకు 30 అక్షరాలే ఇస్తారు, చిన్న వివరణకు 80. అతను మొదట ఆ 80లో "స్మార్ట్ క్లౌడ్ సొల్యూషన్" వగైరా నింపాడు. ఒక గుమాస్తా చూసి, "వడ్ల కాటా, రోజు లెక్క అని రాయరాదు?" అన్నాడు. అదే పెట్టాం.

ఫలితం

2025 యాసంగిలో నాలుగు మిల్లులు డబ్బు కట్టాయి, వానాకాలానికి పద్నాలుగు. ఒకటి మధ్యలో మానేసింది. అక్కడ సేటు, తమ్ముడు వేరుపడ్డారు, రోజు సగటు ఎవరి ఫోన్‌కు పోవాలన్నదే గొడవైంది. దానికి కోడ్‌లో మందు లేదు.

పాఠాలు

ఈ కేసును డెవలపర్లకు చెప్పినప్పుడు "మేం ఉద్యోగాల్లో ఉన్నాం, అమ్మేది మేం కాదు కదా" అంటారు. ఇందులో అమ్మకం కోసం చేసిన మార్పులు ఎక్కడ జరిగాయో చూడండి: ప్రింటర్ కోడ్, డేటా ఉండే చోటు, ఎక్స్‌పోర్ట్ ఫైల్. ఏది ముందు రాయాలి, ఏది అసలు రాయకూడదు అన్న నిర్ణయాలు అవి. ఉద్యోగంలో ఉన్నవాడు ఇవే నిర్ణయాలు రోజూ తీసుకుంటాడు, కాకపోతే వాడేవాడిని చూడకుండా తీసుకుంటాడు. నెలకోసారైనా సపోర్ట్ ఫోన్ల దగ్గర కూర్చోమని వాళ్లకు చెప్తుంటాను. మీ పని మీ మేనేజర్‌కు వివరించేటప్పుడు కూడా ఇదే లెక్క: ఎంత కష్టపడ్డారన్నది ఆయనకు పట్టదు, ఆయన పై అధికారికి ఏం చెప్పుకోవచ్చో అది కావాలి.

కాదన్న మాటను లాగ్ చేయడం ఇంకొకటి. ఆ నోటు పుస్తకంలో ఇప్పుడు మిల్లు పేరు, ఎవరు మాట్లాడారు, అన్న మాట అన్నట్టుగా ఉంటాయి. "ఇంట్రస్ట్ లేదు" అని రాయడం నిషేధం. ఎవరూ ఆ మాట అనరు, అది మనం కట్టే అర్థం.

అప్‌డేట్ నోట్సు కూడా మారాయి. ఇదివరకు "బగ్ ఫిక్సులు, పర్ఫార్మెన్స్ మెరుగుదల" అని ఉండేది. ఈ మధ్యది: "తరుగు ఇప్పుడు వంద గ్రాముల దాకా చూపిస్తుంది. రైతు అడిగితే చిట్టీ మీద చూపించండి." గుమాస్తాలు దాన్ని వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకుంటున్నారు.

తేలనిది ఒకటి ఉంది. రైతుల దగ్గర నేరుగా కొనకుండా, ప్రభుత్వం ఇచ్చే వడ్లు ఆడించి సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్) కింద బియ్యం అప్పగించే మిల్లులు ఇప్పుడు ఫోన్ చేస్తున్నాయి. క్వింటా వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. వాళ్లకు సగటు రేటుతో పనిలేదు. సివిల్ సప్లైస్‌కు ఇంకా ఎంత బాకీ ఉన్నామో రోజూ కనిపించాలి. దాన్ని ఉన్నదాంట్లోనే ఒక మెనూగా కలపాలని డెవలపర్ అంటున్నాడు. కొనేవాడు వేరు, కష్టం వేరు, కాబట్టి వేరే పేరుతో, వేరే ధరతో అమ్మాలని నేను అంటున్నాను. అంతకుముందు ఒక సీఎంఆర్ మిల్లులో కూర్చుని రావాలన్న దగ్గర మాత్రం ఇద్దరం ఒక్కమాట మీద ఉన్నాం. కాటా గదిలో కూర్చోవాలా, గోదాం దగ్గరా అన్నది అతనే తేల్చుకుంటానన్నాడు.